పైలట్ కోర్సు: సెల్‌ఫోన్‌లోనే గ్రౌండ్ స్కూల్.. పేపర్లు పాసైతే పైలట్ అయిపోయినట్టేనా? ఫీజు కట్టే ముందు ఇవి తెలుసుకోవాల్సిందే!

2025 డిసెంబర్ మొదటి వారం గుర్తుందా? శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బ్యాగులు పక్కన పెట్టుకుని నేల మీదే కూర్చున్న ప్రయాణికులు, డిస్‌ప్లే బోర్డు నిండా క్యాన్సిల్ అన్న మాట. డిసెంబర్ 5న ఒక్కరోజే ఇండిగో వెయ్యికి పైగా సర్వీసులు రద్దు చేసింది. పైలట్ల డ్యూటీ టైమింగ్‌పై కొత్త రూల్స్ రావడమే దీనికి దారితీసింది. వారానికి 36 గంటలు ఉన్న విశ్రాంతి 48 గంటలైంది. రాత్రిపూట ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ఆ లెక్కకు సరిపడా పైలట్లు రోస్టర్‌లో లేరు. అంతే, దేశమంతా విమానాలు ఆగిపోయాయి.

'దేశంలో పైలట్ల కొరత' అన్న మాట ఆ వారం ఇంటింటికీ వెళ్లింది. అంతకు ముందే కేంద్ర పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు రాబోయే 15-20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని చెప్పి ఉన్నారు. ఈ రెండు మాటలూ కలిపి ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో ఒక ప్రకటన కింద మరో ప్రకటన. ఇంట్లో కూర్చునే డీజీసీఏ పేపర్లు క్లియర్ చేయండి, ఇంటర్ తర్వాత నేరుగా కాక్‌పిట్‌లోకి.. ఇదీ వాటి వరస.

ఇంతకీ ఏంటీ ఆన్‌లైన్ గ్రౌండ్ స్కూల్? అక్కడ ఏం నేర్పుతారు? దాన్ని నమ్ముకుని 50 లక్షల అప్పుకు సంతకం పెట్టొచ్చా?

ముందు ఒక తిరకాసు చెప్పుకోవాలి. విమానాలు రద్దైన ఆ రోజుల్లో కూడా, చేతిలో కమర్షియల్ పైలట్ లైసెన్స్ ఉండి ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్నవాళ్లు దేశంలో ఉన్నారు. 2023లో డీజీసీఏ ఇచ్చిన సీపీఎల్‌లు 1,622. అంతకు ముందు ఏడాది 1,165. లైసెన్సులు ఆ స్థాయిలో వస్తున్నా కొరత ఎందుకంటే, ఎయిర్‌లైన్‌కు అప్పటికప్పుడు కావాల్సింది ఎయిర్‌బస్ ఏ320 నడిపే రేటింగ్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా అనుభవం ఉన్న కెప్టెన్లు. 200 గంటలు ట్రైనర్ విమానం నడిపి కొత్తగా లైసెన్స్ తీసుకున్న 20 ఏళ్ల కుర్రాడు ఆ ఖాళీని రేపే భర్తీ చేయలేడు. కొరత ఉన్న మాట నిజమే. కానీ ప్రకటనల్లో చూపించే కొరత, రోస్టర్‌లో ఉన్న కొరత ఒకటి కాదు.

ద్వారక నుంచి సెల్‌ఫోన్‌కు

మన దేశంలో సీపీఎల్ రావాలంటే రెండు దారులు ఒకేసారి నడవాలి. ఒకటి గాల్లో, అంటే 200 గంటల ఫ్లయింగ్. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా ఉండాలి. రెండోది నేల మీద, అంటే థియరీ పేపర్లు. ఎయిర్ నావిగేషన్, మెటియోరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, ఏ విమానం మీద శిక్షణ తీసుకుంటే దాని గురించి టెక్నికల్ స్పెసిఫిక్. ప్రతి పేపర్‌లో 70 శాతం రావాలి. ఇంటర్‌లో 35 మార్కులకు పాసయ్యే అలవాటున్నవాళ్లకు మొదటి షాక్ ఇక్కడే. వీటికి తోడు రేడియోలో మాట్లాడేందుకు ఆర్‌టీఆర్ పరీక్ష వేరే. ఈ నేల మీది చదువునే గ్రౌండ్ స్కూల్ అంటారు.

ఒకప్పుడు దీని కోసం ఢిల్లీ వెళ్లాల్సిందే. అక్కడి ద్వారక ప్రాంతం పైలట్ కోచింగ్‌లకు, మన అమీర్‌పేట సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లకు ఎలాగో అలాగ. మెట్లెక్కి మూడో అంతస్తులో క్లాసు, పక్క వీధిలో పీజీ హాస్టల్, నెలకు అద్దె, మెస్సు బిల్లు. మాజీ ఎయిర్‌ఫోర్స్ అధికారులు, రిటైర్డ్ పైలట్లు బోర్డు మీద చాక్‌పీస్‌తో చెప్పేవారు. 2020 లాక్‌డౌన్ ఆ గదులను ఖాళీ చేయించింది. అదే సార్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని జూమ్‌లో చెప్పడం మొదలుపెట్టారు. లాక్‌డౌన్ ముగిసినా ఆన్‌లైన్ క్లాసులు ముగియలేదు. అద్దెలూ లేవు, సీట్ల పరిమితీ లేదు, ఒకే క్లాసులో దేశమంతా కూర్చోవచ్చు. నడిపేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

విద్యార్థికీ లాభమే, దీన్ని కాదనలేం. కరీంనగర్‌లోనో పాలకొండలోనో ఎంపీసీ పూర్తి చేసిన అమ్మాయి ఇంట్లోనే ఉండి, ఢిల్లీలో చెప్పే సార్ దగ్గర నావిగేషన్ నేర్చుకోగలుగుతోంది. ఒంటరిగా ఢిల్లీ పంపడానికి వెనకాడే తల్లిదండ్రులకు ఇది పెద్ద ఊరట. హాస్టల్ ఖర్చు పూర్తిగా మిగులుతుంది.

ఒక క్లాసు ఎలా సాగుతుంది?

చాలా సంస్థలది ఒకటే పద్ధతి. సాయంత్రం లైవ్ క్లాస్, ఒక్కో సబ్జెక్టు కొన్ని వారాలు. మొత్తం కోర్సు మూడు నుంచి ఆరు నెలలు. మిస్సైతే రికార్డింగ్ ఉంటుంది. యాప్‌లో వేల ప్రశ్నలు, వారానికి ఒక మాక్ టెస్ట్, సందేహాలకు వాట్సాప్ లేదా టెలిగ్రామ్ గ్రూప్. ఇంటికి కొరియర్‌లో పుస్తకాలు వస్తాయి. మెటియోరాలజీకి ఐ.సి.జోషి, రెగ్యులేషన్స్‌కు ఆర్.కె.బాలి, మిగతావాటికి ఆక్స్‌ఫర్డ్ సిరీస్. ఈ పేర్లు వినని స్టూడెంట్ పైలట్ మన దేశంలో దాదాపు ఉండడు. వీటితో పాటు గుండ్రటి ప్లాస్టిక్ చక్రంలా ఉండే ఫ్లైట్ కంప్యూటర్ ఒకటి. పేరుకే కంప్యూటర్, బ్యాటరీ కూడా ఉండదు. గాలి వేగం, దిశ దాని మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి విమానం ఎటు కొట్టుకుపోతుందో లెక్క కడతారు. ఆన్‌లైన్‌లో నేర్పడం కష్టమైన వాటిలో ఇదొకటి. సార్ కెమెరాను చక్రం మీదకు తిప్పి చూపిస్తారు సరే, వందమంది ఉన్న క్లాసులో విద్యార్థి చక్రం ఎటు తిప్పాడో సార్‌కు కనిపించదు.

మంచి గ్రౌండ్ స్కూల్ ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక చిన్న లెక్క చూస్తే చాలు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి 2,024 అడుగుల ఎత్తులో ఉంది. అంతర్జాతీయ ప్రామాణిక వాతావరణం ప్రకారం ఆ ఎత్తులో ఉష్ణోగ్రత 11 డిగ్రీలు ఉండాలి. మే నెల మధ్యాహ్నం అక్కడ 41 డిగ్రీలు ఉందనుకుందాం. అంటే 30 డిగ్రీలు ఎక్కువ. ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున 3,600 అడుగులు కలపాలి. అప్పుడు విమానం రన్‌వే మీద ఉన్నా, దాని రెక్కలకు, ఇంజిన్‌కు దొరికే గాలి దాదాపు 5,600 అడుగుల ఎత్తులో దొరికేంత పల్చగా ఉంటుంది. చిన్న ట్రైనర్ విమానం లేవడానికి ఎక్కువ రన్‌వే తీసుకుంటుంది, లేచాక నీరసంగా పైకి వెళ్తుంది. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. ఫార్ములా చెప్పి వదిలేసే సార్ ఉంటాడు. బయట ఎండ చూపించి, మన ఊళ్లో ఈ మధ్యాహ్నం ఇద్దరు ఎక్కి, ట్యాంకు నిండా పెట్రోలు పోసుకుంటే ఏమవుతుందో చెప్పమనే సార్ ఉంటాడు. రెండో సార్ దొరికితే ఆన్‌లైన్ అయినా ఒకటే, ఆఫ్‌లైన్ అయినా ఒకటే.

నావిగేషన్‌లోనూ అంతే. శంషాబాద్ నుంచి గన్నవరం గాలి మార్గంలో సుమారు 140 నాటికల్ మైళ్లు, అంటే 260 కిలోమీటర్లు. దారి మూడు డిగ్రీలు తప్పితే చివరికి ఎక్కడ తేలతావు? 60 మైళ్లకు డిగ్రీకి ఒక మైలు చొప్పున పక్కకు పోతావన్నది పైలట్లు నోటికి వేసుకునే సూత్రం. ఆ లెక్కన ఏడు నాటికల్ మైళ్లు, అంటే గన్నవరం రన్‌వేకి 13 కిలోమీటర్ల పక్కన. సొంత ఊరి మ్యాప్ మీద ఈ లెక్క ఒకసారి వేసిన పిల్లవాడు దాన్ని మర్చిపోడు.

'బిట్ బ్యాంక్' జబ్బు

సమస్య ఎక్కడొస్తోందంటే, ఇలా నేర్పడానికి టైమ్ పడుతుంది. ప్రకటనలో ఇచ్చిన మాటేమో '90 రోజుల్లో అన్ని పేపర్లూ క్లియర్'. డీజీసీఏ పరీక్ష ఆబ్జెక్టివ్ టైప్. నెగెటివ్ మార్కులు లేవు. పరీక్ష రాసి బయటకొచ్చినవాళ్లు గుర్తున్న ప్రశ్నలను గ్రూపుల్లో పెడతారు. అవి యాప్‌లోకి ఎక్కుతాయి. తర్వాతి బ్యాచ్ వాటినే వల్లెవేస్తుంది. తెలుగు రాష్ట్రాల పిల్లలకు ఇది కొత్తేం కాదు. పదో తరగతి నుంచి ఎంసెట్ దాకా బిట్ బ్యాంకులు నమిలి వచ్చినవాళ్లే. మూడు వేల బిట్లు బట్టీ కొడితే 70 దాటొచ్చు. నిజంగానే దాటుతున్నారు కూడా.

కానీ కొన్ని బిట్ల వెనక ఏముందో చూడాలి. టెక్నికల్ జనరల్‌లో పదే పదే వచ్చే ప్రశ్న ఒకటుంది. విమానం వేగాన్ని కొలిచే పీటో గొట్టం పూర్తిగా మూసుకుపోయింది, విమానం పైకి ఎక్కుతోంది, అప్పుడు స్పీడ్ మీటర్ ఏం చూపిస్తుంది? జవాబు: వేగం పెరుగుతున్నట్టు తప్పుగా చూపిస్తుంది. లోపల చిక్కుకున్న గాలి ఒత్తిడి మారదు, బయటి ఒత్తిడి ఎత్తుతో తగ్గుతుంది. ఆ తేడానే మీటర్ వేగం అనుకుంటుంది. బట్టీ కొట్టినవాడికి ఇది ఆప్షన్ బి. అంతే.

1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటా నుంచి బయల్దేరిన బర్గెన్‌ఎయిర్ బోయింగ్ 757లో సరిగ్గా ఇదే జరిగింది. కొన్ని రోజులు నేల మీదే ఉన్న ఆ విమానం పీటో గొట్టం మూసుకుపోయింది. కందిరీగ లాంటి పురుగు గూడు కట్టి ఉండొచ్చని దర్యాప్తులో భావించారు. పైకి ఎక్కేకొద్దీ కెప్టెన్ వైపు మీటర్‌లో వేగం పెరుగుతూ పోయింది. ఆ మీటర్‌ను నమ్మిన ఆటోపైలట్ ముక్కు పైకెత్తి వేగం తగ్గించింది. నిజానికి వేగం అప్పటికే పడిపోతోంది. కో-పైలట్ వైపు మీటర్ సరిగ్గానే పనిచేస్తోంది. అయినా కాక్‌పిట్‌లో అయోమయం తేలేలోపు విమానం స్టాల్ అయి సముద్రంలో పడింది. 189 మంది, ఒక్కరూ మిగల్లేదు. ఆ కాక్‌పిట్‌లో అనుభవజ్ఞులే ఉన్నారు. తెలిసిన విషయమే అయినా, ఆ క్షణంలో గుర్తుకు రావాలంటే అది ఎంత లోతుగా దిగి ఉండాలో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

బట్టీ పట్టినవాళ్లు అందరూ ప్రమాదాలు చేస్తారని కాదు. చాలామంది అంతదూరం రారు. ఎయిర్‌లైన్ రాత పరీక్షలో, ఆ తర్వాత టెక్నికల్ ఇంటర్వ్యూలో ఇవే సబ్జెక్టులు మళ్లీ అడుగుతారు, ఈసారి ఆప్షన్లు ఉండవు. వేగం ఎందుకు పెరిగినట్టు చూపిస్తుందో బొమ్మ గీసి చెప్పమంటే చేతులెత్తేస్తారు. లైసెన్స్ ఉండి ఖాళీగా ఉన్నవాళ్లలో కొందరి కథ ఇదే. ఆన్‌లైన్ కోర్సుకు కట్టింది మహా అయితే లక్షో రెండు లక్షలో కావచ్చు. దాని వల్ల చిక్కుకుపోయేది మాత్రం ఫ్లయింగ్‌కు కట్టిన అరకోటి.

విద్యార్థికి పరీక్ష ఉంది.. మరి చెప్పేవాళ్లకు?

ఇక్కడ నియంత్రణ తీరు కాస్త విచిత్రంగా ఉంటుంది. ఫ్లయింగ్ స్కూలు పెట్టాలంటే డీజీసీఏ అనుమతి కావాలి. విమానం, ఇన్‌స్ట్రక్టర్, మెయింటెనెన్స్ అన్నీ తనిఖీ చేస్తారు. 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు ఏటా రెండుసార్లు ర్యాంకులు కూడా ఇస్తున్నారు. ఆ అక్టోబర్‌లో వచ్చిన తొలి జాబితాలో పై శ్రేణిలో ఒక్క స్కూలు కూడా నిలవకపోవడం పెద్ద చర్చే అయింది. కానీ కేవలం థియరీ కోచింగ్ ఇచ్చే ఆన్‌లైన్ సంస్థలు ఆ జాబితాలో ఉండవు. డీజీసీఏ కంప్యూటర్ నంబర్ తీసుకుని, అర్హత సర్టిఫికెట్లు చూపించి విద్యార్థి పరీక్షకు కూర్చుంటాడు. ఎక్కడ చదివాడు, ఎవరు చెప్పారు అన్నది పరీక్ష హాల్లో ప్రశ్న కాదు. సొంతంగా చదువుకుని రాసేవాళ్లకు ఇది మంచిదే. అదే సమయంలో మైకు, కెమెరా కొనుక్కున్న ఎవరైనా గ్రౌండ్ స్కూల్ పెట్టేయొచ్చు. నిన్న పేపర్లు పాసైనవాడు ఇవాళ 'ఇన్‌స్ట్రక్టర్'.

బయటి దేశాల్లో తీరు వేరు. యూరప్‌లో ఎయిర్‌లైన్ పైలట్ థియరీ 13 సబ్జెక్టులు, ఒక్కో దాంట్లో 75 శాతం రావాలి. అక్కడా డిస్టెన్స్ లెర్నింగ్ ఉంది, చాలామంది అలాగే చదువుతారు. అయితే ఆ కోర్సు నడిపే సంస్థకు శిక్షణ సంస్థగా అనుమతి ఉండాలి. మొత్తం కోర్సులో కనీసం పదో వంతు క్లాస్‌రూమ్‌లో జరగాలి. మధ్యమధ్యలో ప్రోగ్రెస్ టెస్టులు పాసవ్వాలి. సంస్థ సిఫార్సు చేస్తేనే పరీక్షకు పంపుతారు. అమెరికాలో ప్రైవేట్ పైలట్ రాత పరీక్ష 60 ప్రశ్నలే, 70 శాతం వస్తే పాస్. ఇంట్లో వీడియోలు చూసి చదువుకోవచ్చు. కానీ ఈ విద్యార్థి సిద్ధంగా ఉన్నాడని ఇన్‌స్ట్రక్టర్ సంతకమో, గుర్తింపు ఉన్న కోర్సు పూర్తి చేసిన సర్టిఫికెటో లేకుండా పరీక్షకు రానివ్వరు. అంటే ఆన్‌లైన్ అన్నదాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. చెప్పినవాడి సంతకం మాత్రం అడుగుతున్నారు. మన దగ్గర లేనిది అదే.

ఎక్కడా అడ్డే లేదని మాత్రం అనుకోవద్దు. 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ కోచింగ్ సంస్థల తప్పుడు ప్రకటనలపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్యోగం గ్యారెంటీ, వంద శాతం సక్సెస్ లాంటి తప్పుడు హామీలు కుదరవు. పాసైనవాళ్ల ఫొటోలు వారి అనుమతి లేకుండా వాడకూడదు. వాళ్లు ఏ కోర్సు తీసుకున్నారో కూడా చెప్పాలి. అవి ఐఏఎస్, ఐఐటీ కోచింగ్‌లకే కాదు, వీటికీ వర్తిస్తాయి. ఫీజు కట్టాక క్లాసులు మొదలవ్వకపోయినా, రీఫండ్ ఎగ్గొట్టినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ప్రకటన స్క్రీన్‌షాట్, ఫీజు రసీదు దాచుకోవాలి. ఫోన్‌లో చెప్పిన మాటలకు రుజువు ఉండదు.

ఇంటి కాగితాలు బ్యాంకుకు వెళ్లే ముందు

డబ్బు లెక్క కూడా చూద్దాం. మన దేశంలో సీపీఎల్ పూర్తయ్యేసరికి ఖర్చు 50 లక్షల పైమాటే. ఆపై ఎయిర్‌బస్ లేదా బోయింగ్ టైప్ రేటింగ్‌కు మరో 15 లక్షలకు పైనే. ఎయిర్‌లైన్ల క్యాడెట్ ప్రోగ్రామ్‌లలో చేరితే మొత్తం కోటి దాటుతుంది. ఏడున్నర లక్షలు దాటిన ఎడ్యుకేషన్ లోన్‌కు బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి. మన దగ్గర తాకట్టు అంటే ఇల్లో, పొలమో. అందుకే ఈ కోర్సులో ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అన్నిటికన్నా ముఖ్యం. ఆన్‌లైన్ గ్రౌండ్ స్కూల్ అసలు ఉపయోగం కూడా అక్కడే ఉంది.

మొదట మెడికల్. క్లాస్-2 మెడికల్ అయ్యాక క్లాస్-1 కూడా అవసరం. రంగులు గుర్తించలేని లోపం లాంటివి అక్కడ బయటపడితే కమర్షియల్ దారి మూసుకుపోవచ్చు. ఫ్లయింగ్ ఫీజు కట్టాక ఆ సంగతి తెలిస్తే ఎవరేం చేయగలరు? మెడికల్ దాటాక థియరీ. ఇంట్లో ఉండి, తక్కువ ఖర్చుతో ఆరు నెలలు కూర్చుంటే ఈ చదువు తనకు నచ్చుతుందో లేదో పిల్లవాడికే తెలుస్తుంది. యూనిఫాం మీద ఇష్టంతో వచ్చినవాళ్లలో కొందరు మూడో వారానికే నావిగేషన్ క్లాసులో కెమెరా ఆఫ్ చేసేస్తారు. లక్ష పోయి అరకోటి మిగిలినట్టు లెక్క. ఒకరకంగా ఈ కోర్సు అమ్మేవాళ్లు చెప్పని లాభం ఇదే. కల ఎంత గట్టిదో చవకగా తేల్చేస్తుంది.

పేపర్లు చేతిలో పెట్టుకుని ఫ్లయింగ్ స్కూలుకు వెళ్తే ఇంకో సౌకర్యం. విమానాలు, ఇన్‌స్ట్రక్టర్లు చాలక మన స్కూళ్లలో 200 గంటలు పూర్తవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతోందన్న ఫిర్యాదులు కొత్తవి కావు. వర్షాకాలంలో, పొగమంచు రోజుల్లో విమానం లేవదు. థియరీ కూడా అప్పుడే మొదలుపెట్టినవాడికి అదీ ఇదీ రెండూ సాగుతాయి. అయితే పాసైన పేపర్లకు కాలపరిమితి ఉంటుందన్నది మర్చిపోకూడదు. అన్నీ ముందే రాసేసి, అప్పు దొరక్క ఏళ్ల తరబడి ఆగితే మళ్లీ మొదటికొస్తుంది. విదేశాల్లో ఫ్లయింగ్ చేసి వచ్చినా తప్పించుకోలేరు. అక్కడి లైసెన్స్‌ను ఇక్కడికి మార్చుకోవాలంటే డీజీసీఏ రెగ్యులేషన్స్ పేపరు, నావిగేషన్-మెటియోరాలజీ కలిపిన కాంపోజిట్ పేపరు రాయాల్సిందే. అందుకే అమెరికా, దక్షిణాఫ్రికా వెళ్లే మన పిల్లలు కూడా రాత్రిళ్లు ఇక్కడి ఆన్‌లైన్ క్లాసుల్లో కనిపిస్తుంటారు.

కోర్సు ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు పెద్దగా ఏం లేవు. చెప్పే సార్ ఎవరు, ఆయన లైసెన్స్ ఏంటి, ఎన్ని గంటలు నడిపారు? ఒక లైవ్ బ్యాచ్‌లో ఎంతమంది? డెమో క్లాస్ అంటూ రికార్డింగ్ కాకుండా, నడుస్తున్న క్లాసులో ఒకరోజు కూర్చోనిస్తారా? ఒక పేపర్ ఫెయిలైతే మళ్లీ క్లాసులు ఉచితమా? వీటికి సూటిగా జవాబు చెప్పని కౌన్సెలర్, 'ఈరోజు రాత్రి 12 లోపు కడితే 40 శాతం డిస్కౌంట్' అంటుంటే ఆ 12 దాటనివ్వడమే మంచిది.

నోరు తెరవాల్సిన పరీక్ష

ఆబ్జెక్టివ్ పేపర్లన్నీ దాటినా ఆర్‌టీఆర్ దగ్గర ఆగిపోయేవాళ్లు చాలామందే. ఇందులో ఒక ఊహాజనిత ఫ్లైట్ ఇస్తారు. టవర్‌తో, కంట్రోల్‌తో రేడియోలో ఏం మాట్లాడాలో అక్కడికక్కడే మాట్లాడాలి. ఇంజిన్ ఆగిపోయిందని చెబితే వెంటనే మేడే కాల్ సరైన వరుసలో రావాలి. ఆ తర్వాత మౌఖిక ప్రశ్నలు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు భయం పుట్టించేది ఇదే. చిత్రం ఏంటంటే, ఆన్‌లైన్ పద్ధతి బాగా నప్పేది కూడా దీనికే. అసలు పైలట్ కూడా కంట్రోలర్ ముఖం చూడడు. హెడ్‌సెట్‌లో గొంతు మాత్రమే వింటాడు. ఇద్దరు విద్యార్థులు రాత్రి పది గంటలకు ఫోన్‌లో ఒకరు టవర్, ఒకరు పైలట్ అయి నెలరోజులు మాట్లాడుకుంటే భయం పోతుంది. ఇందులో వాడేది సాహిత్యపు ఇంగ్లిష్ కాదు, లెక్కపెట్టినన్ని మాటలు. వాటిని తడబడకుండా, ఒకే అర్థం వచ్చేలా పలకడమే పని. అన్ని పేపర్లకూ కలిపి 500 మంది బ్యాచ్ నడిపే సంస్థలు ఈ ఒక్క దానికి విడిగా, చిన్న బ్యాచ్ పెట్టకపోతే ఆ ఫీజు దండగ.

ఈ పరీక్ష ఇన్నాళ్లూ టెలికాం శాఖ చేతిలో ఉండేది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియం ఆ బాధ్యతను డీజీసీఏకి మార్చింది. రాత పరీక్షలకూ, రేడియో పరీక్షకూ రెండు శాఖల చుట్టూ తిరిగే బాధ తగ్గించడమే దీని ఉద్దేశం.

మరో మార్పు మీద కూడా ఇప్పుడు అందరి కళ్లూ ఉన్నాయి. సీపీఎల్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ తప్పనిసరి అన్న నిబంధనను సడలించే ఆలోచన జరుగుతున్నట్టు 2025లో వార్తలొచ్చాయి. ఇప్పటిదాకా బైపీసీ విద్యార్థి మ్యాథ్స్, సీఈసీ విద్యార్థి మ్యాథ్స్‌తో పాటు ఫిజిక్స్ ఓపెన్ స్కూల్‌లో రాసి రావాల్సి వస్తోంది. ఆ తలుపు తెరుచుకుంటే ఆన్‌లైన్ గ్రౌండ్ స్కూళ్లకు ఒక్కసారిగా కొత్త గిరాకీ వస్తుంది. పేపర్లలోని త్రికోణమితి, వెక్టార్లు మాత్రం ఎక్కడికీ పోవు. గాలి 20 నాట్ల వేగంతో రన్‌వేకి 30 డిగ్రీల ఏటవాలుగా వీస్తుంటే పక్క నుంచి తోసే గాలి పది నాట్లు. కామర్స్ చదివిన పిల్లవాడికి ఆ సగం ఎక్కడి నుంచి వచ్చిందో ఓపికగా చెప్పే పని ఇక గ్రౌండ్ స్కూల్‌ది అవుతుంది.